గుర్రు పెడుతున్నారని వదిలేయకండి

మందులు మోతాదు మించినప్పుడు ఇంట్లోవాళ్లు చేయాల్సిన ప్రథమ చికిత్స
(ఎన్టీఆర్ భరోసా పింఛను, ఎన్టీఆర్ వైద్య సేవ కుటుంబాల కోసం. నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు లంక గ్రామాలు)

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా ఎంత పిలిచినా లేవకుండా పడి ఉంటే ఈ పీడీఎఫ్ మొత్తం చదవక్కర్లేదు. ముందు 108కి ఫోన్ చేయండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఊపిరి ఆడుతుంటే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి. మిగతాది తీరిక దొరికినప్పుడు చదవండి.

అలాంటిదేమీ లేదు, తీరిగ్గానే ఉన్నాం అంటే మొదటినుంచి చదవండి. ఇంట్లో చదువు రానివాళ్లుంటే చదివి వినిపించండి.

ఈ పాఠం మీకెందుకు

పింఛను అందుకునే ఇంట్లో మందుల డబ్బా తప్పకుండా ఉంటుంది. నాలుగు వేల వృద్ధాప్య పింఛను తీసుకునే తాతయ్యకి బీపీ, షుగర్ బిళ్ళలు. ఆరు వేల దివ్యాంగుల పింఛను వచ్చే అబ్బాయికి ఫిట్స్ మందులు. పదిహేను వేల పింఛనుతో మంచంమీదే ఉన్న మనిషికి నొప్పి బిళ్ళలు, నిద్ర బిళ్ళలు. డయాలసిస్ చేయించుకునే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, సంచినిండా మందులే. ఆ మందులు ప్రాణం నిలబెడతాయి. అవే మోతాదు మించితే ప్రాణం తీస్తాయి.

మోతాదు మించింది అనగానే చాలామంది "మా ఇంట్లో అలాంటి వాళ్లు లేరండీ" అంటారు. గంజాయి, మత్తు ఇంజక్షన్లు తీసుకునే కుర్రాళ్లే గుర్తొస్తారు. వాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి కింద చెబుతాను. కానీ రాత్రి వేసుకున్న బిళ్ళ మర్చిపోయి మళ్లీ వేసుకున్న అమ్మమ్మది కూడా మోతాదు మించడమే. సారా తాగి, దానిమీద నిద్ర బిళ్ళ వేసుకున్న నాన్నదీ అదే. మంచంకింద దొరికిన షుగర్ బిళ్ళని చప్పరించిన మూడేళ్ల మనవడిదీ అదే. మనసు విరిగి చేతికి దొరికినవన్నీ మింగిన కోడలుదీ అదే. కారణాలు వేరైనా మొదటి పది నిమిషాల్లో మనం చేయాల్సిన పని దాదాపు ఒక్కటే.

ఒక రాత్రి ఇలా జరిగిందనుకోండి

పేర్లు వద్దు, ఏ ఇంట్లోనైనా జరిగేదే. నల్లజర్ల దగ్గర ఒక ఊరు. పొగాకు బేరన్ పనికి వెళ్లొచ్చిన పెద్దాయన సాయంత్రం కొంచెం తాగాడు. నడుం నొప్పికి ఎవరో ఇచ్చిన బిళ్ళ ఒకటి, నిద్ర పట్టడం లేదని ఇంకో రెండు వేసుకున్నాడు. తొమ్మిదింటికల్లా గుర్రు మొదలైంది. పది గంటలకు కొడుకు వచ్చి లేపితే "ఊఁ" అన్నాడు, కళ్లు తెరవలేదు. భార్య "నాలుగు రోజులుగా నిద్ర లేదు పాపం, పడుకోనివ్వరా" అంది. పన్నెండింటికి గుర్రు ఇంకా పెద్దదైంది, మధ్యమధ్యలో ఆగుతోంది. పక్కింటి బాబాయి వచ్చి చూసి "గుర్రు పెడుతున్నాడంటే బానే ఉన్నట్టు, దిగిపోతుందిలే" అన్నాడు. మూడింటికి గుర్రు ఆగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

గుర్రు ఆగినప్పుడు ఆయనకు నిద్ర పట్టలేదు, ఊపిరే ఆగిపోయింది.

ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అందరికీ ఆయన మీద ప్రేమే. కానీ పది గంటల నుంచి మూడు గంటల దాకా ఐదు గంటల సమయం చేతిలో ఉంది. ఆ ఐదు గంటల్లో ఏ నిమిషంలో ఫోన్ చేసినా 108 వచ్చేది.

ఆ గుర్రు వెనక జరిగేది ఏమిటి

నిద్ర బిళ్ళలు, గట్టి నొప్పి మందులు, సారా, బ్రాందీ, ఇవన్నీ మెదడులో ఊపిరిని నడిపించే భాగాన్ని మందగింపజేస్తాయి. మామూలు నిద్రలో ఊపిరి తగ్గితే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మత్తులో ఆ ఉలికిపాటు ఉండదు. పైగా నాలుక కండ పట్టు తప్పి గొంతులోకి వెనక్కి జారుతుంది. సందులోంచి గాలి కష్టంగా వెళ్తూ చేసే చప్పుడే ఆ గుర్రు. రెండు రకాల మత్తులు కలిస్తే రెండింటి బలం కలిసిపోతుంది. విడివిడిగా ఏమీ చేయని మోతాదులు కూడా కలిస్తే ప్రాణం మీదకు తెస్తాయి. తాగి నిద్ర బిళ్ళ వేసుకోవద్దని డాక్టర్లు అన్నిసార్లు చెప్పేది అందుకే.

మరి రోజూ గుర్రు పెట్టే మనిషి సంగతేంటి అని అడుగుతారు. తేడా తెలుసుకోవడం తేలిక. లేపి చూడండి. మామూలు గుర్రు అయితే విసుక్కుంటూ అయినా లేస్తాడు, మాట్లాడతాడు. భుజాలు తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలిచినా, చెవి తమ్మె గిల్లినా లేవకపోతే అది నిద్ర కాదు. పెదాలు, గోళ్లు నీలంగానో బూడిద రంగుగానో మారడం, ఒళ్లు చల్లబడటం, ఊపిరికి ఊపిరికి మధ్య చాలా ఎడం రావడం, కంటి నల్లగుడ్డు మధ్యలోని పాప ఆవగింజంత అవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇక చర్చ వద్దు.

చేయాల్సిన పని, వరసగా

మొదట పిలవండి, తట్టండి. స్పందన లేకపోతే ఛాతీ వైపు చూడండి, చెవి ముక్కు దగ్గర పెట్టి వినండి. పది సెకన్లకు మించి చూస్తూ కూర్చోవద్దు. ఒకరు 108కి చేయండి, ఇంకొకరు మనిషి దగ్గర ఉండండి. ఒక్కరే ఉంటే స్పీకర్ ఆన్ చేసి నేలమీద పెట్టి రెండు పనులూ చేయండి. 108లో మాట్లాడే వాళ్లు అంబులెన్స్ వచ్చేదాకా ఏం చేయాలో కూడా చెబుతారు. ఫోన్ పెట్టేయకండి.

ఊపిరి ఆడుతోంది, కానీ లేవడం లేదు. అప్పుడు పక్కకు తిప్పాలి. ఇది చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. మనిషి వెల్లకిలా ఉన్నాడు. మీరు ఆయన పక్కన మోకాళ్లమీద కూర్చోండి. మీవైపు ఉన్న చేతిని నేలమీదే పక్కకు చాపండి. అవతలి చేతిని తెచ్చి, అరచేతి వెనక భాగం మీవైపు చెంపకు ఆనేలా పెట్టి పట్టుకోండి. రెండో చేత్తో అవతలి మోకాలు పైకి మడవండి. ఆ మోకాలు పట్టుకుని మీవైపు లాగితే మనిషి మొత్తం సులువుగా మీవైపు తిరుగుతాడు. బలం అక్కర్లేదు, మోకాలే గునపంలా పనిచేస్తుంది. తిరిగాక తల కొంచెం వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేలా చూడండి. వాంతి అయినా బయటికే పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు. నాలుక ముందుకు జారుతుంది, దారి తెరుచుకుంటుంది. చాలాసార్లు ఇలా తిప్పిన వెంటనే గుర్రు తగ్గుతుంది. తగ్గింది కదా అని వదిలి వెళ్లకండి. పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉండండి. నులక మంచం మీద అయితే నడుం దగ్గర గుంటపడి తిప్పడం కష్టం. నేలమీదకు, చాపమీదకు దించండి.

ఊపిరి లేదు, లేదా నీళ్లలోంచి తీసిన చేపలా ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగపీలుస్తున్నాడు. ఆ ఎగపీల్చడాన్ని ఊపిరి అనుకోవద్దు. వెల్లకిలా గట్టి నేలమీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. పెద్దవాళ్లకయితే రెండు అంగుళాలు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు రెండు లెక్కన. ముప్పై సార్లు నొక్కాక, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదండి. మత్తు మందుల విషయంలో ఈ గాలి ఊదడం బాగా పనికొస్తుంది, ఎందుకంటే ముందు ఆగేది ఊపిరి, గుండె తర్వాత. ఊదడం రాకపోయినా, పురుగుల మందు అని అనుమానం ఉన్నా నొక్కడం మాత్రం ఆపకండి. చేతులు నొప్పి పుడితే మనిషి మారండి. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడతారు. విరిగితే అతుక్కుంటుంది.

చేయకూడనివి

మన పల్లెల్లో ఎవరు ఏం మింగినా ముందు కక్కించాలని చూస్తారు. కుంకుడు రసం, ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పేడ నీళ్లు, ఎవరి వైద్యం వాళ్లది. వద్దు. మత్తులో ఉన్న మనిషికి గొంతులో పట్టు ఉండదు. పోసిన నీళ్లు, కక్కిన వాంతి రెండూ ఊపిరితిత్తుల్లోకే దిగుతాయి. ఆసుపత్రికి వచ్చాక మింగిన మందుకు విరుగుడు ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లో నిండిన కుంకుడు రసానికి లేదు.

తాగి పడిపోయిన మనిషికి నిమ్మరసం, మజ్జిగ పట్టడం, చన్నీళ్లు గుమ్మరించడం, నడిపించడం కూడా ఇంతే. కాఫీ ఇస్తే మత్తు దిగదు, మెలకువగా ఉన్న తాగుబోతు తయారవుతాడంతే. మత్తులో ఉన్న మనిషిని వెల్లకిలా వదిలి "తెల్లారేసరికి సర్దుకుంటుంది" అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్లి ఒక సెలైన్ పెట్టించడం కూడా మనకు అలవాటు. వాళ్లు రాత్రీ పగలూ పిలిస్తే పలుకుతారు, కాదనను. కానీ ఊపిరి మందగించిన మనిషికి కావాల్సింది ఆక్సిజన్, విరుగుడు, అవసరమైతే వెంటిలేటర్. సెలైన్ సీసా కిందకు దిగేలోపు గంట పోతుంది.

"మందు తాగాడు" అని మాత్రం చెప్పకండి

మన భాషలో ఒక చిక్కుంది. జ్వరానికి వేసుకునేది మందే. సారా కొట్లో అమ్మేది మందే. చేలో కొట్టేదీ మందే. 108కి ఫోన్ చేసి కంగారులో "మా నాన్న మందు తాగేశాడండీ" అంటే అవతలి వాళ్లకు ఏమర్థమవుతుంది? తాగి పడిపోయాడనుకోవాలా, పురుగుల మందు అనుకోవాలా? మూడింటికీ చికిత్స వేరు, పంపాల్సిన తొందర వేరు, తీసుకెళ్లాల్సిన ఆసుపత్రి కూడా వేరు కావచ్చు. అందుకని విడమర్చి చెప్పండి: "నిద్ర బిళ్ళలు మింగారు", "బ్రాందీ తాగి నొప్పి బిళ్ళలు వేసుకున్నారు", "గడ్డిమందు తాగింది".

ఏ బిళ్ళో తెలియకపోతే ఖాళీ అట్ట, సీసా, డబ్బా ఏది దొరికినా సంచిలో వేసి అంబులెన్స్‌లో పెట్టండి. అట్టమీద పేరు సగం చిరిగినా పర్లేదు. ఎన్ని వేసుకున్నారు, ఎప్పుడు వేసుకున్నారు అన్నది ఉజ్జాయింపుగా చెప్పండి. సిగ్గుపడి తగ్గించి చెబితే డాక్టరు కూడా తగ్గించే వైద్యం చేస్తాడు.

అన్నీ ఒకేలా కనబడవు

షుగర్ బిళ్ళలు ఎక్కువైనా, వేసుకుని అన్నం తినకపోయినా ఒళ్లంతా చెమట, వణుకు, తిక్కతిక్క మాటలు, తర్వాత స్పృహ తప్పడం. తాగినవాడిలా కనబడతాడు, తాగి ఉండడు. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే చుక్క కూడా పోయకండి, పక్కకు తిప్పి 108. ముఖ్యమైన సంగతి ఒకటుంది. పంచదార తాగి లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. గ్లిబెన్‌క్లామైడ్, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళల ప్రభావం ఒంట్లో చాలాసేపు ఉంటుంది, కొన్ని గంటల తర్వాత షుగర్ మళ్లీ పడిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువసేపు. చిన్నపిల్లలు ఇలాంటి బిళ్ళ ఒక్కటి మింగినా ఆడుకుంటున్నారు కదా అని ఊరుకోకూడదు.

జ్వరం బిళ్ళ పారాసెటమాల్ సంగతి దీనికి రివర్స్. ఎక్కువ మింగిన రోజు మనిషి బాగానే ఉంటాడు, కాస్త వికారం అంతే. కాలేయం దెబ్బతినడం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. దీనికి మంచి విరుగుడు ఉంది, ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. బాగున్నాడు కదా అని ఇంట్లో ఉంచితే ఆ ఎనిమిది గంటలు పోతాయి. జలుబు బిళ్ళల్లో కూడా ఇదే మందు ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసేటప్పుడు చూసుకోండి.

కేన్సర్ నొప్పికి మార్ఫిన్ బిళ్ళలు, ఒంటికి అంటించే ఫెంటానిల్ పట్టీలు వాడేవాళ్లుంటే, మనిషి లేవకపోతే పట్టీని పీకేయండి, పక్కకు తిప్పండి, ఊపిరి ఆగితే గాలి ఊదండి. ఈ రకం మందులకు నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది, నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. అమెరికాలో దీన్ని ముక్కులో కొట్టే స్ప్రేగా 2023 నుంచి చీటీ లేకుండానే మందుల షాపుల్లో అమ్ముతున్నారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు కాలేజీ హాస్టళ్లలో ఆ డబ్బా చూసే ఉంటారు. మనదగ్గర అది ఆసుపత్రిలో ఇచ్చే ఇంజక్షన్. కాబట్టి అంబులెన్స్ వచ్చేదాకా ఆ విరుగుడు పని మన ఊపిరే చేయాలి. ఒక మాట, నొప్పితో ఉన్న మనిషికి ఈ పాఠం చదివి మార్ఫిన్ ఆపేయకండి. డాక్టరు చెప్పిన లెక్కన ఇస్తే అది మంచి మందు.

పురుగుల మందు అయితే నోటినుంచి చొంగ, చెమట, వాంతి, విరేచనం, కంటిపాప చిన్నదవడం ఉంటాయి. బట్టలకు, ఒంటికి అంటిన మందు చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. మీ చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని బట్టలు తీసేసి, సబ్బునీళ్లతో కడగండి. నోట్లో నోరు పెట్టి గాలి ఊదకండి. పామాయిల్ తోటల్లో, చెరువుగట్ల మీద కొట్టే గడ్డిమందుల్లో పారాక్వాట్ రకానికి విరుగుడు లేదు. నోరు మండుతుంది, కానీ మొదటి రోజు మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. ఒక్క గుక్కే, ఉమ్మేశాడు అని ఇంట్లో ఉంచొద్దు. ఏ విషమైనా సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లో విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది. హిందీగానీ ఇంగ్లీషుగానీ వచ్చిన వాళ్ల చేత మాట్లాడించండి. అయితే ముందు 108, తర్వాతే ఇది.

నాటుసారా, కల్లు గురించి. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మరణాలు జరిగాయి. నాటుసారా వల్లేనని కుటుంబాలు అన్నాయి, అవి సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం అంది. ఆ వాదన ఇక్కడ తేల్చలేం. మనం గుర్తుపెట్టుకోవాల్సింది, కల్తీ సారాలో మిథనాల్ ఉంటే లక్షణాలు తాగిన రాత్రి కాదు, మర్నాడు వస్తాయి. కడుపునొప్పి, వాంతులు, కళ్లు మసకలు. "నిన్నటి మత్తు ఇంకా దిగలేదు" అనుకుని మళ్లీ పడుకుంటారు. కళ్లు మసకబారితే అది మత్తు కాదు, ఆసుపత్రి. కలిసి తాగిన వాళ్లందరినీ కూడా పిలిచి పంపించండి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, అంటే నిద్ర బిళ్ళల మందు, కలిసినట్టు పరీక్షల్లో తేలింది. కల్లే కదా అనుకున్న మనిషి నిద్ర బిళ్ళలు కూడా మింగినట్టే లెక్క.

ఇక ఫిట్స్. 2020 డిసెంబరు మొదటి వారం ఏలూరు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి ఆరు వందల మందికి పైగా ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనబడింది. ఆ రోజుల్లో వీధుల్లో జనం చేసిన పని మనందరికీ తెలిసిందే, ఎవరు పడిపోయినా చేతిలో తాళాల గుత్తి పెట్టడం. తాళాలు పెట్టినా పెట్టకపోయినా ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, అందుకే తాళాలకు పేరొచ్చింది. ఆ టైంలో తలకింద కండువా పెట్టండి, చుట్టూ రాళ్లు, కుర్చీలు జరపండి, పళ్ల మధ్య చెంచా పెట్టకండి, చేతులు కాళ్లు బిగించి పట్టుకోకండి. ఆగగానే పక్కకు తిప్పండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, బిళ్ళలు మింగాక వచ్చినా 108. ట్రమడాల్ నొప్పి బిళ్ళలు ఎక్కువైనా ఫిట్స్ వస్తాయి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేసినా రెండు మూడు రోజుల్లో వస్తాయి. మాన్పించాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి మాన్పించండి.

అంబులెన్స్ మన ఇంటికి దారి కనుక్కోవాలంటే

108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ కార్డూ చూపించక్కర్లేదు. కానీ వాళ్లకు మన సందు తెలియదు. నల్లజర్ల మండలం ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నా, మన రాకపోకలు తాడేపల్లిగూడెం, ఏలూరు వైపే. ఫోన్‌లో ఊరు, మండలం, జిల్లా మూడూ చెప్పండి. ఒకే పేరున్న ఊళ్లు గోదావరి జిల్లాల్లో చాలా ఉన్నాయి. తోటలో ఉంటే మనిషిని హైవేకో, ఊరి చివర గుడి దగ్గరకో పంపి టార్చి పట్టుకుని నిలబడమనండి.

కొల్లేరు లంకల్లో, చేపల చెరువుల కాపలా పాకల్లో ఉండేవాళ్లకు ఇంకో కష్టం. వానాకాలం గట్టుమీదకు అంబులెన్స్ రాదు. అప్పుడు ఎక్కడ కలవాలో 108 వాళ్లతో ఫోన్‌లోనే మాట్లాడుకుని, మనిషిని పక్కకు తిప్పిన భంగిమలోనే పడవలోనో ట్రాలీ ఆటోలోనో రోడ్డుదాకా తీసుకురండి. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవడం మానండి. తల ముందుకు వాలి, ఉన్న కాస్త ఊపిరి దారి కూడా మూసుకుపోతుంది.

ఆసుపత్రి, కార్డు, పోలీసు భయం

తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఏలూరు, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రులకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎక్కడికి తీసుకెళ్లాలన్నది అంబులెన్స్ వాళ్లకు వదిలేయండి, దారిలో వాదించకండి.

వెంటిలేటర్ అవసరమైన విషప్రయోగం, పాముకాటు లాంటివి ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో ఉన్నాయి. అత్యవసరమైతే ముందు చేర్చుకుని ఫోన్‌లో అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. కార్డు ఇంట్లో మర్చిపోయామని వెనక్కి పరిగెత్తకండి. ఆధార్ నంబరు ఫోన్‌లో ఉన్నా పని మొదలవుతుంది, కాగితాలు తెల్లారాక తేవచ్చు. ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గర ఉండే మిత్రను కలవండి. డబ్బు అడిగారని అనుమానం వస్తే 104కి చేయండి.

చాలామంది ఆలస్యం చేసేది డబ్బుకోసం కాదు, కేసు భయంతో. ఇది నేను శిక్షణల్లో పదేపదే వినే మాట: "పోలీసులొస్తారండీ, పరువు పోతుందండీ." ఒక్కొక్కటిగా చెబుతాను. విషం, మోతాదు కేసు వస్తే ఆసుపత్రి ఎం.ఎల్.సి. రాసి పోలీసులకు తెలియజేస్తుంది. అది రికార్డు, శిక్ష కాదు. ఆ కాగితం అయ్యేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 చెబుతోంది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. మత్తుకు బానిసైన మనిషి తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఎన్డీపీఎస్ చట్టంలోనే ఉంది. అందుకని డాక్టరు దగ్గర "ఏం తీసుకున్నాడో తెలీదండీ" అని దాచకండి.

ఇంటికొచ్చాక

ఆసుపత్రినుంచి వచ్చిన మనిషిని చుట్టాలందరూ వరసగా వచ్చి "ఎందుకిలా చేశావు" అని నిలదీయడం చూస్తుంటాం. అది ఆ మనిషిని మళ్లీ అదే చోటుకు తోస్తుంది. మాట్లాడాలనిపించినప్పుడు వినండి. పక్కన ఒకరు ఉండండి. టెలీ మానస్ 14416కి మీరైనా, వాళ్లయినా తెలుగులో, ఎప్పుడైనా, ఉచితంగా మాట్లాడొచ్చు. కావాలని మింగిన మనిషి అయితే ఇంట్లో పురుగుల మందు డబ్బా అసలు ఉండకూడదు. పొలంలోనే పెట్టెలో తాళం వేసి, తాళం ఇంకొకరి దగ్గర పెట్టండి. బిళ్ళలు వారానికి సరిపడా మాత్రమే అందుబాటులో ఉంచి మిగతావి పక్కింటి అక్క దగ్గర పెట్టినా తప్పులేదు. తోచిన క్షణంలో చేతికి దొరక్కపోతే ఆ క్షణం దాటిపోతుంది. చాలామంది అలా దాటాక బతకాలనే అనుకుంటారు.

మత్తు మానిపించే కేంద్రం నుంచి వచ్చిన కుర్రాడి విషయంలో ఇంకో జాగ్రత్త. నెలో రెండు నెలలో దూరంగా ఉన్నాక ఒంటికి పాత అలవాటు పోతుంది. జారిపోయి ఒకసారి తీసుకున్నాడంటే పాత లెక్కలోనే తీసుకుంటాడు. ఇప్పటి ఒంటికి అది చాలా ఎక్కువ. వచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం. "మళ్లీ తీసుకుంటే ఇంట్లోకి రావద్దు" అని బెదిరిస్తే తీసుకోవడం మానడు, మీకు దూరంగా, ఒంటరిగా, పశువుల పాకలో తీసుకుంటాడు. ఒంటరిగా ఉన్నవాడి గుర్రు వినేవాళ్లు ఎవరుంటారు? మానడానికి సలహా కావాలంటే 14446. గంజాయి, మత్తు మందులు అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే 1972.

ఒకటో తారీఖు పని

పింఛను ఇవ్వడానికి సచివాలయం వాళ్లు ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికొస్తారు. ఆ రోజు ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి ఒక పదిహేను నిమిషాలు ఇలా చేయండి. మందుల డబ్బా బోర్లించి, డేటు దాటినవి, ఎవరివో తెలియనివి, చనిపోయిన వాళ్లవి వేరు చేయండి. అవి ఏఎన్‌ఎంకు చూపించి పారేయండి. డబ్బా మూతమీద లోపలివైపు 108 అని మార్కర్‌తో పెద్దగా రాయండి. ఎవరి బిళ్ళ ఏ పూట అన్నది అట్టమీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ వేస్తే చదువు రాని అమ్మమ్మకూ తెలుస్తుంది. మర్చిపోయి రెండోసారి వేసుకోవడం దీంతోనే చాలా తగ్గుతుంది.

తర్వాత చాప వేసి, ఇంట్లో లావుపాటి మనిషిని పడుకోమని, తక్కువ బలం ఉన్నవాళ్లు ఆ మనిషిని పక్కకు తిప్పి చూడండి. మొదటిసారి నవ్వులొస్తాయి, మోకాలు మడవడం మర్చిపోతారు. మూడోసారికి పన్నెండేళ్ల అమ్మాయి కూడా వాళ్ల నాన్నను తిప్పేస్తుంది. మొదట ఆ పిల్ల చేతే చేయించండి, రాత్రిపూట ఇంట్లో మెలకువగా ఉండేది చాలాసార్లు ఆమే.